తాత తుపాకీ ముందు చెక్క
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక నిలబడ్డ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇలా ముందుకు రండి. కుర్చీలు లేకపోతే నేలమీదే కూర్చోండి. నేను చూపించేది చిన్న వస్తువు, దూరం నుంచి కనబడదు.

పెద్దలనాటి వస్తువులను కాపాడుకోవడం గురించి మాట్లాడమన్నారు నన్ను. అంత పెద్ద విషయం నాకు చేతకాదు. వడ్రంగం చేసి, వడ్రంగం నేర్పి బతికినవాణ్ణి. అందుకని ఒక్క చెక్కముక్క గురించే చెప్తాను. జానెడు కంటే కొంచెం పొడవుంటుంది. మా ఇంటి పాత తుపాకీది. తుపాకీని సభకు తేలేదు, తేకూడదు కూడా. విడదీసినప్పుడు తీసిన ఫోటోలు అచ్చు వేయించి తెచ్చాను, చేతులు మారుస్తూ చూడండి.

అది రెండు గొట్టాల 12 బోరు తుపాకీ. మధ్యకు మడిచి తూటాలు పెట్టే రకం. మా తాత నుంచి పెదనాన్నకు, ఆయన నుంచి మా అన్నయ్యకు వచ్చింది. లైసెన్సు అన్నయ్య పేరనే ఉంది. ఒకప్పుడు చోడి చేలమీద పడే పందుల కోసం కాపలాకు ఉండేది. ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళ్లేటప్పుడు తాత దీన్ని భుజాన వేసుకుని ముందు నడిచేవాడని మేనత్త చెబుతుంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ వేట మాట వదిలేయాలి. మా ఇంట్లో అయితే అది పెట్టెలోనే ఉంటుంది. ఏడాదికోసారి తీసి తుడవడం, లైసెన్సు గడువు చూసుకోవడం, అంతే.

ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు అప్పగించమంటారు, మీకు తెలుసు. అన్నయ్య తీసుకెళ్లి ఇచ్చి రసీదు తెచ్చుకున్నాడు. ఎన్నికలయ్యాక వెనక్కి తెచ్చి పెట్టె తెరిస్తే ముందు చెక్క మీద పగులు కనబడింది. ఎడమ చేత్తో పట్టుకునే చోట, కొస నుంచి లోపలికి దాదాపు మూడంగుళాల గీత. ఇంట్లో గొడవ మొదలైంది. అన్నయ్య కొడుకు, కుర్రాడు, ఉడుకు రక్తం. "వాళ్లే ఎక్కడో పడేశారు చిన్నాన్నా, మనవాళ్ల వస్తువంటే వాళ్లకు లెక్కలేదు" అని రెండు పేజీల ఫిర్యాదు రాశాడు. ఫిర్యాదు బాగా రాశాడు, అబద్ధం చెప్పకూడదు. కింద సంతకం పెట్టమని నా దగ్గరకు తెచ్చాడు, వడ్రంగి మాట ఉంటే బలం అని.

చెక్కను చూడకుండా సంతకం పెట్టనన్నాను. వాడికి కోపం వచ్చింది.

ఇక్కడొక మాట. తుపాకీ మరమ్మతు ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ బాగుచేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. అందుకని అన్నయ్య తన లైసెన్సు పుస్తకం పట్టుకుని, తుపాకీతో, నాతో కలిసి విశాఖపట్నంలో లైసెన్సు ఉన్న ఒక దుకాణానికి వచ్చాడు. అక్కడి మేస్త్రీ ముసలాయన. ఇనుము పని ఆయనది, చెక్క పని ఆయన కళ్లముందు నాది, అని ఒప్పుకున్నాం. మూడు విడతలు వెళ్లాల్సి వచ్చింది. మీలో ఎవరింట్లోనైనా ఇలాంటిది ఉంటే దారి అదే. లైసెన్సుదారు చనిపోయాక తుపాకీని అటకమీద దాచిపెట్టేవాళ్లున్నారు. అది నేరం. దగ్గరి స్టేషన్లోనో లైసెన్సు ఉన్న దుకాణంలోనో అప్పగించి, తర్వాత వారసుడు తన పేర దరఖాస్తు పెట్టుకోవాలి.

మేస్త్రీ ముందు తుపాకీని మడిచి, రెండు గొట్టాలూ ఖాళీ అని తను చూశాడు, నాకు చూపించాడు, అన్నయ్యకూ చూపించాడు. ముగ్గురం చూశాకే పని మొదలు. ముందు చెక్క కింద చిన్న మీట ఉంటుంది. దాన్ని లాగి చెక్కను కిందికి వంచితే ఊడి చేతిలోకి వస్తుంది. ఈ చెక్క అందానికి పెట్టింది అనుకునేవాణ్ణి. కాదు. గొట్టాలను కీలు మీద నిలబెట్టేది ఇదే. ఇది ఊడితే తుపాకీ మడిచినప్పుడు గొట్టాలు జారి చేతిలోకి వచ్చేస్తాయి. చెక్క లోపల ఒక ఇనుప పట్టీ ఉంటుంది. దాని వెనక కొస గుండ్రంగా కీలుకు ఆనుతుంది. చెక్కకూ పట్టీకీ మధ్య సందు లేకుండా, పూర్తిగా ఆని ఉండాలి. పేల్చినప్పుడల్లా తుపాకీ వెనక్కి తంతుంది. సందు ఉంటే పట్టీ ఆ సందులో కదిలి చెక్కను లోపలి నుంచి కొడుతుంది, చిన్న సుత్తితో కొట్టినట్టు.

మరలు విప్పి పట్టీ తీశాం. ఒక మర విప్పనక్కరే లేకపోయింది, వేలితో తిప్పితే వచ్చేసింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

పగులును ఎలా చూడాలో చెప్తాను, ఇది మీకు నాగలికీ, డోలుకూ, తలుపుకూ కూడా పనికొస్తుంది. కంటికి కనబడే గీత పగులు మొత్తం కాదు. గుడ్డతో కొంచెం అసిటోన్ రాసి వదిలేయండి. చెక్క పైభాగం గబగబా ఆరిపోతుంది, పగులులోకి దిగినది ఆలస్యంగా ఆరుతుంది. అప్పుడు పగులు ఎంతవరకు వెళ్లిందో నల్లటి దారంలా కనబడుతుంది. మాది మూడంగుళాలు అనుకున్నది నాలుగున్నర తేలింది. మొదలు ఎక్కడంటే కొసన కాదు, లోపల మర రంధ్రం దగ్గర. అంటే పగులు బయటి దెబ్బతో మొదలై లోపలికి పోలేదు. లోపల పుట్టి బయటికి వచ్చింది.

తర్వాత సన్నటి బ్లేడు అంచుతో పగులును వెంట్రుకంత తెరిచి, పక్కనుంచి టార్చి వేసి చూశాను. కొత్తగా విరిగిన చెక్క లోపల శుభ్రంగా, మెరుపుగా ఉంటుంది. పాత పగులులో మట్టి, నూనె, చేతి చెమట చేరి నల్లబడుతుంది. మర దగ్గర నుంచి మూడొంతులు తారులా నల్లగా ఉంది. కొసన ఒక్క అంగుళం మాత్రం కొత్త రంగు.

తమ్ముళ్లూ, ఆ అంగుళమే మా గొడవంతా. పగులు ఏళ్లనాటిది. స్టేషన్లో ఉన్నప్పుడు ఎండకో, ఎవరో గట్టిగా పట్టుకుంటేనో, ఇంకో అంగుళం సాగి పైకి తేలింది. అంతకుమించి వాళ్లమీద వేయడానికి ఏమీ లేదు. అది పైకి తేలింది కాబట్టి మేం చూశాం. లేకపోతే అలాగే పెట్టెలో ఉండేది. వాడి అక్క పెళ్లిలో గాలిలో రెండు పేల్చాలని మా కుర్రాడికి సరదా ఉంది. వేడుకలో తుపాకీ పేల్చడం 2019 సవరణ నుంచి శిక్షపడే నేరం, రెండేళ్ల దాకా జైలు. చట్టం సంగతి అటుంచి, ఆ చెక్కతో పేల్చి ఉంటే వాడి ఎడమ అరచెయ్యి ఏమయ్యేదో మేస్త్రీ చెప్పాడు. ఆ మాట నేనిక్కడ చెప్పను.

పగులు పాతదని తేలింది, మరి ఎందుకు వచ్చింది? కారణం దొరక్కుండా జిగురు పోస్తే ఏడాదికి మళ్లీ అక్కడే విడిపోతుంది. మేస్త్రీ దీపపు మసిని చుక్క నూనెలో కలిపి ఇనుప పట్టీకి పలచగా రాశాడు. దాన్ని చెక్కలో కూర్చోబెట్టి నొక్కి తీశాడు. ఎక్కడ ఇనుము చెక్కకు తగులుతోందో అక్కడే మసి అంటుతుంది. అంతా అంటాలి. మాదాంట్లో రెండే చోట్ల అంటింది, ఒక పలచటి అంచు మీద, ఒక పక్క గోడమీద. మొత్తం దెబ్బను ఆ రెండు చోట్లే మోస్తున్నాయన్నమాట.

మిగతా చోట ఏమైందని భూతద్దంతో చూస్తే చెక్క నల్లగా మాడి ఉంది. వేలితో రాస్తే బొగ్గుపొడి రాలింది. మేస్త్రీ నవ్వాడు. "ఇది ఫ్యాక్టరీ పని కాదు బాబూ. పట్టీని కొలిమిలో కాల్చి, వేడిమీద చెక్కలోకి దించారు. అచ్చు బాగా పడుతుంది, మొదట్లో బిగువుగా కూర్చుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ మాడిన పొర పొడై రాలిపోతుంది, సందు పడుతుంది" అన్నాడు.

అప్పటికి నాకు చెక్కమీద చూపు పడింది. వెనక చెక్క, అంటే భుజానికి ఆనించేది, అక్రోటు. సీమ తుపాకులకు అదే వాడతారు. ముందు చెక్క రంగు కలిసిపోయింది కానీ చేతిలో బరువు వేరు. లోపల ఒక మూల చాకుతో గీకి వాసన చూశాను. నలభై ఏళ్లు చెక్క కోసినవాడికి ఆ తీపి వాసన పుస్తకం చూడక్కర్లేదు. ఇరుగుడు. మన కొండ చెట్టు. అక్రోటు చెక్క ఎప్పుడో పోయింది, ఇది మనవాళ్లు చేసింది.

ఇంటికొచ్చి మేనత్తను అడిగితే, ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట. ఆమె చిన్నప్పుడు బండి బోల్తాపడి తుపాకీ ముందు చెక్క రెండు ముక్కలైంది. పక్క ఊళ్లో కొండకమ్మరి తాత ఒకాయన ఉండేవాడు. నాగళ్లు, గొడ్డళ్లు చేసే మనిషి. విరిగిన ముక్కలు పక్కన పెట్టుకుని, చూస్తూ కొత్తది చెక్కాడు. కూలి రెండు కుంచాల చోళ్లు, ఒక కోడి. కొలిమి ఉన్నవాడు కనుక తనకు తెలిసిన పద్ధతిలో ఇనుము కాల్చి దించాడు. ఆయన పనిని తప్పుపట్టను నేను. లోపలి ఉలి గీతలు చూడండి ఫోటోలో, గొట్టాల గుండ్రతనానికి ఎంత సరిగ్గా తెచ్చాడో. తూనిక యంత్రం లేదు, మైక్రోమీటరు లేదు.

ఇంకో కథ మాత్రం పోయింది. మా ఇంట్లో ఈ తుపాకీ రంప పితూరీనాటిదని చెప్పుకునేవాళ్లం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర మన మనుషులతో పడి 26 తుపాకులు తీసుకెళ్లారు. వాటిలో ఒకటి మాదని తాత గొప్ప. మన్యంలో పాత తుపాకీ ఉన్న ప్రతి ఇంటికీ ఆ గొప్ప ఉంది, లెక్కవేస్తే 26 కాదు 260 తేలతాయి. అవి పోలీసుల తుపాకులు. ఇది షికారు తుపాకీ. పైగా గొట్టాల కింద బర్మింగ్‌హామ్ పరీక్షశాల ముద్రల్లో తూటా గది పొడవు అంకె ఉంది. అలా పొడవు కొట్టడం 1925 నుంచి మొదలైందని మేస్త్రీ చెప్పాడు. పితూరీ 1924లో అణిగిపోయింది. అన్నయ్య ముఖం చిన్నబోయింది. నాకు బాధ కలగలేదు. ఎవరిదో తెలియని కథ పోయి, ఎవరిదో తెలిసిన చెక్క దొరికింది.

ఆ ముద్ర ఇంకో పెద్ద సంగతి చెప్పింది. ఆ గది పొడవు 2½ అంగుళాలు. ఇప్పుడు మామూలుగా దొరికే తూటాలు ఎక్కువ 2¾ అంగుళాల గదికి చేసినవి. తూటా మీద రాసే పొడవు పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలనిది పొట్టిగా ఉంటుంది, అందుకే పాత తుపాకీలోకి హాయిగా దిగిపోతుంది. దిగింది కదా అని పేలిస్తే మూతి విచ్చుకునే చోటు ఉండదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. పెదనాన్న చివరి రోజుల్లో తెచ్చిన తూటాల పెట్టె 2¾వే. సందు ఒకపక్క, తన్ను ఒకపక్క. పగులుకు కారణం అడగక్కర్లేదు.

ఇక మరమ్మతు. కొత్త అక్రోటు చెక్క వేయించేద్దాం, అందంగా ఉంటుంది అని అన్నయ్య ముందు అన్నాడు. మేనత్త మాట విన్నాక ఆ ఊసు ఎత్తలేదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది నూనె తీయడానికి. గొట్టాలు తుడిచిన నూనె ఏళ్ల తరబడి చెక్కలోకి ఇంకింది. నూనె పట్టిన చెక్కకు ఏ జిగురూ అంటదు. అసిటోన్‌తో కడిగి, మెత్తటి సుద్దపొడిని అసిటోన్‌లోనే ముద్దలా కలిపి మెత్తాం. ఆరేకొద్దీ సుద్ద నూనెను పైకి లాగి పసుపురంగుకు తిరుగుతుంది. రాల్చి మళ్లీ మెత్తాలి. తలుపులు తీసి, పొయ్యికీ బీడీకీ దూరంగా చేయాల్సిన పని ఇది, అసిటోన్ ఆవిరి అంటుకుంటుంది. మూడోసారికి నాకు ఓపిక పోయింది. పసుపు తగ్గింది కదా, జిగురు పోసేద్దాం అన్నాను. మేస్త్రీ ఏమీ అనలేదు, సుద్దముక్క నా అరచేతిలో పెట్టాడు. ఇంకా జిడ్డుంది. పిల్లలకు ముప్పై ఏళ్లు ఓపిక గురించి చెప్పినవాణ్ణి, సిగ్గేసింది. ఆరోసారికి సుద్ద తెల్లగా రాలింది.

ఇరుగుడుతో ఇంకో చిక్కు. దానికి సొంత నూనె ఉంటుంది. ఎంత తీసినా గంటలు గడిస్తే మళ్లీ పైకి వస్తుంది. కాబట్టి జిగురు పెట్టే ముందు క్షణంలో ఇంకోసారి అసిటోన్ తుడిచి, ఆరగానే పెట్టేయాలి. రెండు ట్యూబులు కలిపే ఆరాల్డైట్ వాడాం, నెమ్మదిగా గట్టిపడే రకం. కొంచెం వెచ్చబెడితే పలచబడి పగులు అడుగుదాకా దిగుతుంది. పగులును బ్లేడుతో తెరిచి పట్టుకుని, సిరంజితో ఎక్కించి, అవతలి పక్క బొట్టు కనబడేదాకా ఆగాం. ఇనుప పట్టీకి తేనెమైనం రుద్ది, దాని చోట దాన్ని పెట్టి, అప్పుడు బిగించాం. పట్టీ లేకుండా బిగిస్తే చెక్క లోపలికి ముడుచుకుంటుంది, తర్వాత పట్టీ పట్టదు. మైనం లేకుండా పెడితే పట్టీ ఎప్పటికీ రాదు. మైనం నేను ఇంటి నుంచే తీసుకెళ్లాను, సంతలో కొన్నది. బిగించడానికి పాత సైకిల్ ట్యూబు సన్నగా కోసి చుట్టాం. ఇనుప బిగింపు ఒక చోటే నొక్కుతుంది, ట్యూబు చుట్టూ సమానంగా నొక్కుతుంది. ఒక పగలూ ఒక రాత్రీ కదపలేదు.

జిగురు మీదే నమ్మకం పెట్టుకోకుండా పగులుకు అడ్డంగా, లోపలి వైపు నుంచి, సన్నటి ఇత్తడి కడ్డీలు రెండు దించాం, పైకి కనబడకుండా. రెండో రంధ్రం నేను ఒక నూలు లోతుగా తొలిచాను. బయటి వైపు చిన్న బుడిపెలా లేచింది. తాకితే తెలుస్తుంది ఇప్పటికీ. కొండకమ్మరి తాత పనిలో అలాంటిది ఒక్కటీ లేదు.

మాడిన పొరంతా గీకేసి, ఆ ఖాళీని ఇరుగుడు పొట్టు కలిపిన ఆరాల్డైట్‌తో నింపి, మైనం రాసిన పట్టీని మళ్లీ అందులో కూర్చోబెట్టాం. ఆయన కొలిమితో దించిన అచ్చును మేం జిగురుతో దించాం, అంతే తేడా. వదులైన మర రంధ్రంలో గట్టి చెక్క బిరడా వేసి కొత్తగా తొలిచాం. మళ్లీ మసి పరీక్ష చేస్తే ఈసారి చెక్క అంతా నల్లబడింది. పైన గరుకు కాగితం పెట్టి రుద్దలేదు. చేతులు అరగదీసిన నునుపు అది, రుద్దితే పోతుంది. ఉడికించిన అవిసె నూనె వేలితో పలచగా రాసి, ఆరనిచ్చి, మళ్లీ రాశాం. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే రాజుకుంటాయి. విడిగా పరిచి ఆరబెట్టాలి.

అతుకు కనబడుతుందా అంటే కనబడుతుంది. కనబడకుండా చేయడం మా ఇద్దరికీ ఇష్టం లేకపోయింది.

2¾ తూటాల పెట్టెను మేస్త్రీ దుకాణంలోనే అప్పగించి రాయించుకున్నాం. గొట్టాలు బాగానే ఉన్నాయి కానీ పేల్చాలంటే ఇంకా పరీక్షలు కావాలన్నాడు ఆయన. అన్నయ్య అక్కర్లేదన్నాడు. నూనె ఇక చెక్కలోకి దిగకుండా, తుడిచాక ఒక రాత్రి మూతి కిందికి పెట్టి నిలబెట్టి, తర్వాత పెట్టెలో పెడుతున్నాం.

ఫిర్యాదు కాగితం మా కుర్రాడు చింపలేదు. దాని వెనక, మేనత్త చెప్పినదంతా రాసుకున్నాడు. కొండకమ్మరి తాత ఊరు, ఆయన కూలి, బండి ఎక్కడ బోల్తాపడిందీ. ఆ తాత మనవలు ఇప్పుడు ఎక్కడున్నారో వెతుకుతున్నాడు, దొరికితే చెక్క చూపిస్తాడట.

పగులు చివర నేను పెన్సిలుతో సన్నటి గీత పెట్టాను. సాగితే గీత దాటుతుందని. ఈ వానాకాలం వెళ్లాక తీసి చూశాం. గీత అక్కడే ఉంది, పగులు దాన్ని దాటలేదు.